టీచరమ్మ మూలుగు

మేడం ఫోన్లో ఉన్నారు కూర్చోండి అన్నాడు గుమాస్తా, కూర్చున్నాను, కూర్చోక చేసేదేముంది, ఇనప బెంచీ, ముసలాళ్ళుండే చోట ఇనప బెంచీ వేయించిన మహానుభావుడెవరో గాని నడుం నొప్పంటే ఏమిటో ఎరగని అదృష్టవంతుడై ఉంటాడు. అద్దం తలుపు వెనకాల మేడం కనిపిస్తూనే ఉంది. కొత్తగా వచ్చిన మేడం, ఈ వృద్ధాశ్రమం మొత్తం ఇప్పుడు ఈవిడ చేతిలోనే, ఇంకా మా పేర్లు కూడా పూర్తిగా పట్టుబడలేదు ఆవిడకి, నీళ్ళ మోటారు బాగుచేస్తానని రాని మనిషెవరినో కేకలేస్తోంది. వెయ్యి తల్లీ, ఇంకాసేపు వెయ్యి, నాకేం తొందర లేదు. ఏం పని మీదొచ్చారని గుమాస్తా అడిగితే గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోందని చెప్పాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోట్లోంచి. నిజంగానే చప్పుడు చేస్తుందనుకో, కానీ ఫ్యాను కోసం ఈ చేతికర్ర పట్టుకుని వరండా అంతా దేకుతూ వస్తానా నేను? వచ్చిన పని వేరు. ఆ పని లోపలే ఉంది, గొంతులో వెలక్కాయ పడ్డట్టు అడ్డంగా ఉంది, ఒక్క ముక్క, మా నర్సు చిలక, పక్క మంచం టీచరమ్మ నొప్పి మందు తీసేసుకుంటోంది. ఇంతే. గదిలో నాలో నేను అనుకున్నప్పుడు దొంగిలిస్తోంది అనే అనుకున్నాను, ఇక్కడికొచ్చేసరికి అది తీసేసుకుంటోంది అయిపోయింది, ఇంకాసేపు కూర్చుంటే ఏమవుతుందో, అసలేమీ లేదండీ ఫ్యానేనండీ అని లేచి వెళ్ళిపోతానేమో.

చిలక అని పేరు పెట్టింది నేనే. నర్సుపిల్ల, పగటి డ్యూటీ, గదిలోకి కాలు పెట్టకముందే నోరు మొదలవుతుంది, బస్సులో ఎవరు ఎవరి కాలు తొక్కారో, పక్కింటి కుక్క ఎవరి చెప్పు ఎత్తుకెళ్ళిందో, కొళాయి దగ్గర తగువులో చివరికి ఎవరు నెగ్గారో, బీపీ చూస్తూ చెప్తుంది, మాత్రలు చేతిలో పోస్తూ చెప్తుంది, తల దువ్వుతూ చెప్తుంది. తల దువ్వడం దాని పని కాదు. ఆయాలకి చెప్తే దువ్వుతారు, దువ్వుతారంటే జుట్టు మీద కోపం తీర్చుకుంటారు, ఇది మాత్రం చిక్కు తీసేటప్పుడు కుదుళ్ళ దగ్గర వేలితో నొక్కి పట్టుకుంటుంది నొప్పి తెలీకుండా. ఎవరు నేర్పారే అంటే మా అమ్మమ్మకి దువ్వేదాన్ని పిన్నీ అంది. వచ్చిన మొదటి రోజే పిన్నీ అంది నన్ను. మిగతా వాళ్ళందరికీ నేను కిటికీ పక్క మంచం. కిటికీ పక్క మంచానికి జ్వరం, కిటికీ పక్క మంచానికి దుప్పటి మార్చండి, కిటికీ పక్క మంచం భోజనం సరిగ్గా చేయలేదు. మంచం భోజనం చేయడమేమిటే మీ మొహాలు మండ, అని నేనూ చిలకా నవ్వుకునేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం అంటున్నానేమిటి, నిన్న కూడా నవ్వుకున్నాంగా. అప్పుడే పాతదైపోయిందా.

జీవితమంతా గొంతులతో బతికినదాన్ని నేను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం, చెవులకి ఆ హెడ్‌సెట్టు బరువు తగిలించుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా లైన్లో ఉండండి, మాట్లాడండి, అయిందా, ఇంకా మాట్లాడతారా. ఎవరో తెలియని వాళ్ళు, ఎక్కడో ఉన్నవాళ్ళు, నా వేళ్ళ మీదుగా ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునేవాళ్ళు. వినకూడదు, అది రూలు. వినకుండా ఎలా ఉంటాం, చెవులకి తలుపులుంటాయా. పిల్ల పుట్టిందన్న కబురుకి అవతల మగాడి ఊపిరి ఎలా తెగేదో నాకు తెలుసు, డబ్బు పంపలేనని చెప్పేవాడి దగ్గు తెలుసు, బాగానే ఉన్నానమ్మా అనే కోడలి గొంతులో ఏడుపు ఎక్కడ దాక్కుంటుందో వేలు పెట్టి చూపించగలను. ఇంటికొస్తే మా ఆయన. పాపం మంచివాడు, మాటకి మాత్రం మహా పిసినారి, గొంతు సవరించుకున్నాడంటే టీ కావాలని, రెండుసార్లు సవరించుకున్నాడంటే నా మీద ప్రేమ పుట్టిందని. ఆయన పోయాక ఇల్లు ఎంత మూగగా ఉండేదో చెప్తే నవ్వుతారు, బతికున్నప్పుడు మాత్రం ఏం మాట్లాడేడనీ. ఆ గొంతు సవరింపు కోసం ఎన్నాళ్ళు చెవులు రిక్కించుకుని పడుకున్నానో. పిల్లల్లేరు. చెల్లెలి కూతురు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది, పెద్దమ్మా బాగున్నావా, మందులేసుకుంటున్నావా, సరే ఉంటాను. అది అడిగే మూడు ముక్కలూ, నేను చెప్పే మూడు ముక్కలూ ఎదురెదురుగా వచ్చి తప్పుకుని వెళ్ళిపోతాయి, ఇరుకు సందులో రెండు రిక్షాల్లాగా. తప్పు దానిది కాదు. నా దగ్గర మాత్రం చెప్పడానికేముంది, ఫ్యాను చప్పుడు చేస్తోందని తప్ప.

మేడం ఇంకా ఫోన్లోనే ఉంది. ఇప్పుడు వేరే ఎవరితోనో, నవ్వుతోంది కూడా. గుమాస్తా నావైపు చూసి ఇంకాసేపండీ అని చెయ్యి ఊపాడు, ఫరవాలేదు బాబూ అని నేనూ ఊపాను. నమ్ముతుందా ఈవిడ? మొన్న వేసవిలో నా పళ్ళ సెట్టు పోయిందని నేను చేసిన గోల అంతా ఇంతా కాదు, ఊడ్చే మనిషి మీద అనుమానపడ్డాను, చెత్తబుట్టలన్నీ బోర్లించారు, చివరికి చూస్తే నా నోట్లోనే ఉంది. తల కొట్టేసినట్టయింది. ఆ కథ ఇక్కడ కొత్తగా చేరిన వాళ్ళకి కూడా ముందు చెప్పి తర్వాత మంచం చూపిస్తారు. అలాంటి మనిషి వెళ్ళి నర్సు మందు తీస్తోందంటే, అమ్మా ముందు మీ నోట్లో చూసుకోండి అంటారు. అననీ. నవ్వనీ. వాళ్ళు నవ్వేసి నన్ను పంపించేస్తే నేను చెప్పినట్టూ ఉంటుంది, చిలక ఉండిపోయినట్టూ ఉంటుంది. ఛీ, ఏం బుద్ధి నాది, పక్క మంచం మీద మనిషి ప్రాణం పోతుంటే.

పక్క మంచం అంటే టీచరమ్మ. లెక్కల టీచరు, ఎన్ని బళ్ళలో ఎంతమంది వీపులు వాయగొట్టిందో తెలీదు గాని ఇప్పుడు తన వీపు తాను తిప్పుకోలేదు. పక్షవాతం మాట పట్టుకుపోయింది, తర్వాత ఎముకల్లో జబ్బొకటి పుట్టింది, అది తగ్గేది కాదని డాక్టరు మెల్లగా చెప్పాడు, ఆవిడకి కాదు, నాకు చెప్పాడు, ఆవిడ తరఫున వినడానికి ఇంకెవరూ లేరు. చూడ్డానికి వచ్చే మనిషిని ఒక్కరిని కూడా చూడలేదు నేను. మాటలేదు గాని మూలుగుంది. మూలుగుల్లో ఎన్ని రకాలో మీకు తెలీదు. దాహం మూలుగు పైపైన ఉంటుంది, పసిపిల్ల గునిసినట్టు. పక్క తడిసిందంటే సిగ్గుపడుతూ, తెంపి తెంపి మూలుగుతుంది. నొప్పి మూలుగు అలా కాదు, అది కింద ఎక్కడో మొదలై పైకి రాకుండానే ఆగిపోతుంది, ఊపిరి బిగపట్టి, మళ్ళీ మొదలవుతుంది. అది విన్నప్పుడు నేను లేచి ఆవిడ మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకుంటాను, లెక్కలడుగుతాను, పదమూడో ఎక్కం చెప్పండి టీచరమ్మా అని, నేనే తప్పుగా చెప్పడం మొదలుపెడతాను, తప్పు చెప్పిన చోట ఆవిడ వేళ్ళు నా వేళ్ళని నొక్కుతాయి. ఎంత నొప్పిలో ఉన్నా నొక్కుతాయి.

నొప్పి కోసం ఆవిడకి ప్యాచ్ పెట్టారు. వీపు మీద, భుజం ఎముక పక్కన, పల్చటి గాజు కాగితంలాంటి ప్లాస్టరు, మందు దాన్లోంచి మెల్లగా ఒంట్లోకి దిగుతుందట, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. బీరువాకి తాళం, తీసేటప్పుడు ఇద్దరు చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. చూడాల్సిన రెండో మనిషి ఎప్పుడూ ఎక్కడో పనిలో ఉంటుంది, తర్వాత వచ్చి చూడకుండానే గీకేస్తుంది, ఇక్కడ అదే పద్ధతి, ఎవరినీ అని లాభం లేదు. పెట్టే ముందు దాని మీద పెన్నుతో తేదీ రాస్తారు, ఎప్పుడు మార్చాలో తర్వాత వచ్చే నర్సుకి తెలియాలిగా. మొదట్లో భలే పనిచేసింది. టీచరమ్మ నిద్రపోయేది, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా. తర్వాత మూలుగు మళ్ళీ మొదలైంది. చిలకతో చెప్తే జబ్బు ముదిరింది పిన్నీ, డాక్టరుగారితో నువ్వే చెప్పు, నేను చెప్తే వినరు అంది. చెప్పాను. ఆయన పెద్ద ప్యాచ్ రాశాడు. మందు పెరిగింది, మూలుగు పెరిగింది. అప్పుడైనా బుర్ర వెలగొద్దూ నాకు? వెలగలేదు. చిలక మీదకి నా బుర్ర పోదు.

నిన్న మధ్యాహ్నం కర్టెన్ కొక్కెం ఊడితే స్టూలెక్కి తగిలిస్తోంది, ఎండ మొహాన పడుతోంది పిన్నీ నీకు అంటూ. చెయ్యి పైకెత్తింది. చొక్కా చెయ్యి జారింది. భుజం కింద, లోపలివైపు, గాజు కాగితంలా మెరిసింది. ఏమిటే అది, ఏం తగిలింది అన్నాను, కంగారుపడే అన్నాను, ఇస్త్రీపెట్టె కాలింది పిన్నీ అంది చెయ్యి దించేసి. అయ్యో అనుకున్నాను. దానికి వెన్న రాయవే అని కూడా చెప్పాను. అది వెళ్ళిపోయాక కూర్చుని టీ తాగుతుంటే, టీ సగంలో ఉండగా, అప్పుడు గుర్తొచ్చింది. దాని మీద నీలం సిరాతో తేదీ ఉంది. కాలిన చోట అతికించుకునే ప్లాస్టరు మీద తేదీ ఎవరు రాసుకుంటారు? పొద్దున చిలక డ్యూటీకి రాకముందు టీచరమ్మని పక్కకి తిప్పి పౌడరు రాస్తున్నట్టు వీపు తడిమాను. ప్యాచ్ ఉంది. అదే చోట ఉంది, కత్తిరించి పెట్టినట్టు అదే ఆకారంలో ఉంది, తేదీ కూడా ఉంది, చిలక రాసే సున్నా, పైన చిన్న తోకతో. కానీ వేలికి గుడ్డ తగిలింది. మామూలు గుడ్డ ప్లాస్టరు, సన్నసన్నటి చిల్లులది, వేలు తెగితే వేసుకునేది. దాని మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాను. టీచరమ్మ తల తిప్పలేదు. వేళ్ళు మాత్రం దుప్పటిని పట్టుకున్నాయి. ఆవిడకి తెలుసు. మొదటినుంచీ తెలుసు, ఎవరు పెడుతున్నారో, ఎవరు పీకుతున్నారో, వీపు తనదేగా. పక్క మంచం మీద కూర్చుని నేనూ అదీ కొళాయి తగువు చెప్పుకుని నవ్వుకుంటుంటే వింటూ పడుకుంది.

పొద్దున చిలక వచ్చాక అడుగుదామనుకున్నాను. ఏమే, ఎందుకు చేస్తున్నావే, నీకేం నొప్పే, ఎక్కడ నొప్పే, అని. మనుషుల్ని ఎత్తీ దించీ నడుం పోయిందేమో, మొదట నొప్పికే పెట్టుకుని తర్వాత అది లేకపోతే నిలవలేకపోతోందేమో, ఈమధ్య కళ్ళు మత్తుగా ఉంటున్నాయి, చెప్తూ చెప్తూ కథ మధ్యలో ఆగి ఎక్కడిదాకా చెప్పాను పిన్నీ అంటోంది, నిద్ర చాలట్లేదు కాబోలని నేను జాలిపడ్డాను. దాని తరఫున ఎన్ని కారణాలు అల్లానో ఈ పొద్దున. ఒక్కటీ టీచరమ్మ మూలుగు ముందు నిలబడలేదు. టీచరమ్మకి నొప్పి తగ్గట్లేదే అన్నాను, అంతే అనగలిగాను. ఆవిడకి మూలగడం అలవాటైపోయింది పిన్నీ, పట్టించుకోకు అంది, దువ్వెన తెచ్చి నా వెనకాల కూర్చుంది. దువ్వించుకున్నాను. ఇదిగో ఈ తల, ఈ జడ, చూస్తున్నారుగా ఎంత నున్నగా ఉందో, అది వేసిందే, ఈ జడతోనే దాని మీద చెప్పడానికొచ్చి కూర్చున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్తాను? చెప్తే దాని ఉద్యోగం పోతుంది, పోలీసులే వస్తారో ఏమో. చెప్పకపోతే టీచరమ్మకి ఇంకెవరున్నారు చెప్పడానికి, ఆవిడకి నోరు లేదు, నాకుంది. అది పోయాక ఈ గదిలో నాతో మాట్లాడేదెవరు అన్న ప్రశ్న కూడా ఉంది, అది చాలా చిన్న ప్రశ్న, సిగ్గుపడాల్సిన ప్రశ్న, కానీ నిజం చెప్తున్నాను, పొద్దుటినుంచీ నన్ను నమిలేస్తున్నది అదే.

చెప్పుల చప్పుడు. అది నడిచే తీరు నాకు తెలుసు, కుడికాలు కొంచెం ఈడుస్తుంది. వరండా మలుపు తిరిగి నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఇనప బెంచీ మీద కూర్చుంటే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది, అప్పుడు అమ్మో అంటే మళ్ళీ నేనే రావాలి పిన్నీ, అని కోప్పడుతూ ఎదురు గదిలోంచి దిండొకటి లాక్కొచ్చి నన్ను లేపి వేసి కూర్చోబెట్టింది. ఫ్యాను గురించని గుమాస్తా చెప్పినట్టున్నాడు. దానికి నువ్వు రావాలా, నేను చెప్తాగా మేడంకి, నువ్వు పద, అంటూ నా పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. వెచ్చటి చెయ్యి. పదవే పోదాం అని నోటి చివరిదాకా వచ్చింది. కర్ర కూడా చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడే వరండా అటు చివరినుంచి మా గదిలో మూలుగు వినిపించింది. నొప్పి మూలుగు, కిందనుంచి వచ్చి ఆగిపోయేది. ఇంత దూరం వినపడిందంటే ఎంత ఉండాలి. నేను చిలక మొహం చూశాను. దానికీ వినపడింది, రెప్ప ఒక్కసారి వణికింది. వెంటనే ఈరోజు బస్సులో ఏమైందో తెలుసా పిన్నీ అని మొదలుపెట్టింది, మామూలుకన్నా గట్టిగా. మూలుగు ఇంకోసారి వచ్చింది. దీని గొంతు ఇంకొంచెం పెరిగింది. ఎవరో ఆవిడ, సంచిలో కోడి, కండక్టరు, టిక్కెట్టు, నవ్వు. కర్ర మళ్ళీ పక్కన పెట్టేశాను. ఇలాగే కదా రోజూ చెప్పింది. మూలుగు ఎక్కువైన రోజున కథలూ ఎక్కువగానే ఉండేవి కదా. నేను నా కోసం చెప్తోందనుకుని ఒళ్ళో దాచుకున్న కబుర్లన్నీ ఆ మూలుగు మీద కప్పిన దుప్పట్లే కదా. అన్నీనా? కుదుళ్ళు నొక్కి పట్టుకోవడం కూడానా? అన్నీ కావు. అన్నీ అయ్యుండవు. ఏవి అవునో ఏవి కావో ఇక ఎప్పటికీ నాకు తెలీదు, ఎక్స్ఛేంజిలో అన్నేళ్ళు విన్న ఈ చెవులకి కూడా తెలీదు.

అద్దం తలుపు తెరుచుకుంది. మేడం తల బయటపెట్టి, ఫ్యాను గురించి వచ్చింది మీరేనా అమ్మా, చాలాసేపు కూర్చోబెట్టేశాను, అంది. అవును మేడం, మా పిన్ని గదిలోదే, రెండ్రోజుల్నుంచి చప్పుడు, అని చిలక నా బదులు చెప్పేసింది. చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. నేను లేవబోయాను, లేవలేక అక్కడే కూర్చుని మాట్లాడాను.

"ఫ్యాను కాదండీ," అన్నాను. "మా టీచరమ్మ వీపు మీద ఉన్నది నొప్పి ప్యాచ్ కాదు, మామూలు గుడ్డ ప్లాస్టరు. పొద్దున నా చేత్తో తడిమి చూశాను. అసలుది ఈ పిల్ల చేతికుంది, చొక్కా చెయ్యి పైకి తీయించి చూడండి. నా మాట నమ్మక్కర్లేదు, నేను పళ్ళ సెట్టు నోట్లో పెట్టుకుని వెతుక్కున్న మనిషినే. కానీ ముందు డాక్టర్ని పిలిపించండి, ఆవిడ తట్టుకోలేకపోతోంది."

గుమాస్తా టైపు కొట్టడం ఆపేశాడు. మేడం నవ్వలేదు. నవ్వుతుందనే అనుకున్నాను, ఎదురుచూశాను కూడా, నవ్వలేదు, చిలక చేతివైపు చూసింది. ఆ చెయ్యి వెంటనే పోలేదు నా భుజం మీదనుంచి. బరువు తగ్గలేదు, పెరగలేదు. ఇస్త్రీపెట్టె అంటుందనుకున్నాను, ముసలావిడకి మతి లేదు మేడం అంటుందనుకున్నాను, అంటే బాగుండునని కూడా అనుకున్నాను, అప్పుడు నాకు కోపమొచ్చేది, కోపమొస్తే ఇంత కష్టంగా ఉండేది కాదు. మొదటిసారి దాని నోట్లోంచి ఒక్క మాట రాలేదు. తర్వాత చెయ్యి తీసేసింది.

మేడం గుమాస్తాతో డాక్టరుకి ఫోన్ కలపమని చెప్పింది, పెద్ద నర్సుని మా గదికి వెళ్ళమంది, చిలకని లోపలికొచ్చి కూర్చోమంది. చిలక నా ముందునుంచే వెళ్ళింది, కుడికాలు ఈడ్చుకుంటూ, నేను దాని పాదాలే చూశాను. పెద్ద నర్సు వరండాలో పరిగెత్తడం వినపడింది, మా గది తలుపు తెరిచిన చప్పుడు వినపడింది. మంచిదే. మంచిపనే. మేడం ఇంకా నా ముందే నిలబడి ఉంది, వంగి మెల్లగా అడిగింది.

"పిన్నీ అంటోంది మిమ్మల్ని. ఆ అమ్మాయి మీకేమవుతుంది?"

ఏమవుతుంది. చుట్టరికం కాదు, ఒకే ఇంటిపేరు కాదు, ఊరు కాదు, వాడ కాదు. ఏమీ కాదండీ అంటే సరిపోయేది, రాసుకోవడానికి ఆవిడకీ సులువుగా ఉండేది. అద్దం తలుపులోంచి చిలక నావైపే చూస్తోంది.

"ఇక్కడ నాతో మాట్లాడే మనిషండీ," అన్నాను.